తేలిక లోహం – తేలిక కాని బాధ్యత

హౌరా స్టేషనులో బర్ద్వాన్ మెయిన్ లైను లోకలు ఎక్కిన ప్రయాణికునికి కొద్ది నిమిషాల వ్యవధిలో మూడు స్టేషన్లు ఎదురవుతాయి. మొదటిది లిలువా. తూర్పు రైల్వే పెట్టెల మరమ్మతు కర్మాగారం అక్కడ ఉన్నది. రెండవది బేలూరు. అల్యూమినియం దిమ్మెలను రేకులుగా సాగదీసే పని మన దేశంలో 1940వ దశకం ఆరంభంలోనే అక్కడ మొదలైనది. బాలీ దాటిన తరువాత వచ్చేది ఉత్తరపారా. పుణే మెట్రో కోసం అల్యూమినియం దేహం గల పెట్టెలను తయారు చేసిన టిటాగఢ్ సంస్థ కర్మాగారం అక్కడ ఉన్నది. ఒకే రైలు మార్గం మీద వరుసగా ఉన్న ఈ మూడు స్టేషన్లు ఒక ప్రశ్నను మన ముందుంచుతున్నవి. బేలూరులో రేకుగా సాగిన లోహం ఉత్తరపారాలో రైలు పెట్టెగా మారుతున్నది. రేపు అది మరమ్మతు కోసం లిలువా వంటి కర్మాగారాలకు వచ్చి చేరినప్పుడు, దానిని చేపట్టవలసిన కార్మికుడు అందుకు సిద్ధంగా ఉన్నాడా?

ఈ ప్రశ్న ఊహాజనితమైనది కాదు. పుణే మెట్రో 2022 మార్చి 6న ప్రారంభమైనది. అదే సంవత్సరం అక్టోబరు 16న భువనేశ్వరంలో 61 అల్యూమినియం వాగన్లతో కూడిన గూడ్సు రేక్‌కు జెండా ఊపినారు. కలకత్తాకు చెందిన బెస్కో సంస్థ, హిండాల్కో, లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థ కలిసి దానిని రూపొందించినవి. ఉక్కు రేక్ కంటె అది 180 టన్నులు తేలిక. తగ్గిన ప్రతి టన్నుకు బదులు ఒక టన్ను సరుకు ఎక్కించవచ్చును. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఇంధనం ఆదా అవుతుంది. ఈ ప్రయోజనాలను మనం కాదనడం లేదు. కొత్త యంత్రాన్ని చూసి బెదిరే సంప్రదాయం సంఘటిత కార్మికోద్యమానికి లేదు. అయితే ఈ లోహానికి ఒక స్వభావం ఉన్నది. దానికి బలాన్ని ప్రసాదించేది వేడి. ఆ బలాన్ని హరించేది కూడ వేడియే. ఆ వేడిని కొలిచి, అదుపులో ఉంచే నైపుణ్యం లోహంతో పాటు మన షెడ్లకు రావాలి. అది శాశ్వత ఉద్యోగుల చేతులలో నిలవాలి. ఈ వ్యాసం చెప్పదలచినది ఇంతే.

ఆకాశం నుండి దిగిన లోహం

తపాలా సోదరులకు ఈ లోహంతో పరిచయం పాతది. 1949 జనవరి 30న మన దేశంలో రాత్రి విమాన టపా ప్రారంభమైనది. కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, మద్రాసు నగరాల నుండి బయలుదేరిన విమానాలు నడిరేయి నాగపూరులో కలుసుకొని, సంచులు మార్చుకొని, తెల్లవారేసరికి తమ తమ నగరాలకు చేరుకొనేవి. దమ్‌దమ్‌లో మన వారు ఎక్కించిన సంచులను మోసిన డకోటా విమానం మేను రాగి, మెగ్నీషియం కలిసిన అల్యూమినియం మిశ్రమలోహం. తుప్పు సోకకుండా దానిపై స్వచ్ఛమైన అల్యూమినియం పలుచని పొరగా పరచి ఉండేది.

ఉక్కు సాంద్రత 7.8 కాగా అల్యూమినియం సాంద్రత 2.7 మాత్రమే. అంటే ఇది ఉక్కులో దాదాపు మూడవ వంతు బరువు. కాని స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తనిది. వంటపాత్రకు చాలునేమో గాని విమానపు రెక్కకు చాలదు. దానికి బలం చేకూర్చే రహస్యం 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే శాస్త్రజ్ఞునికి చిక్కినది. రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని ఆయన సుమారు 500 డిగ్రీల వరకు కాల్చి, నీటిలో ముంచి చల్లార్చినాడు. మన కమ్మరి కత్తిని ఇలాగే పదునుపెడతాడు. కత్తి నీటిలో మునిగిన క్షణంలోనే గట్టిపడుతుంది. విల్మ్ లోహం మాత్రం గట్టిపడలేదు. వారాంతపు సెలవు తరువాత వచ్చి మళ్లీ కొలిచి చూడగా, ఎవరూ ముట్టుకోకుండానే అది గట్టిపడి ఉన్నది.

కారణం తరువాతి తరం వారు కనుగొన్నారు. బాగా కాచిన పాకంలో కరిగిపోయిన చక్కెర చల్లారిన తరువాత పలుకులుగా పేరుకొంటుంది కదా! కాలిన అల్యూమినియంలో కరిగిన రాగి కూడ అదే విధంగా, కంటికి ఆనని అతి సూక్ష్మ రేణువులుగా మెల్లగా పేరుకొంటుంది. లోహంలోని పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా ఆ రేణువులు అడ్డుపడతాయి. అదే దాని బలం. రైలు పెట్టెలకు వాడే మెగ్నీషియం, సిలికాన్ కలిసిన రకాలలోనూ సూత్రం ఇదే. వాటిని కొలిమిలో కొన్ని గంటలు నియమిత ఉష్ణోగ్రత వద్ద ఉంచి ఆ రేణువులను పండిస్తారు.

ఇక్కడ ఒక సత్యాన్ని గట్టిగా పట్టుకొనవలెను. ఏ ఏ లోహాలు ఎంత పాళ్లలో కలిపినారన్నది సగం సంగతి మాత్రమే. ఏ వేడిలో, ఎంతసేపు, ఏ వరుసలో పక్వం చేసినారన్నది మిగిలిన సగం. ఆ రెండవ సగం కొలిమి ముందు నిలబడిన కార్మికుని శ్రద్ధ.

ఓర్పునకు హద్దు ఉన్నది

రేణువులను పండించిన వేడే మితిమీరితే వాటిని చెడగొడుతుంది. చిన్న రేణువులు కలిసిపోయి పెద్దవవుతాయి. వాటి మధ్య ఎడం పెరిగి, పొరలు జారడానికి దారి దొరుకుతుంది. ఈ తరగతికి చెందిన ఒక సాధారణ మిశ్రమలోహం 150 డిగ్రీల వద్ద దీర్ఘకాలం ఉన్నా తన బలంలో నాలుగింట మూడు వంతులు నిలుపుకొంటుంది. 200 డిగ్రీలు దాటి దీర్ఘకాలం ఉంటే సగం కూడ మిగలదు. 260 డిగ్రీల వద్ద మిగిలేది ఎనిమిదవ వంతు. ఉక్కు 400 డిగ్రీల వరకు తన బలంలో చాలా భాగం నిలుపుకొంటుందన్న సంగతి దీనితో పోల్చి చూడవలెను. పైగా అల్యూమినియం చల్లారిన తరువాత పోయిన బలం తిరిగి రాదు.

మరొక హాని కూడ ఉన్నది. గ్యాంగ్‌మన్ సోదరులకు ‘క్రీప్’ అన్న మాట సుపరిచితం. బండ్ల రాకపోకలకు పట్టాలు స్లీపర్లపై మెల్లమెల్లగా ముందుకు జరగడాన్ని వారు ఆ పేరుతో పిలుస్తారు. లోహశాస్త్రంలో ఈ మాటకు అర్థం వేరు. వేడిలో, భారం కింద, లోహం తనకు తానే గంటల తరబడి, సంవత్సరాల తరబడి సాగిపోవడం. ఎండకు పెరిగిన పట్టా రాత్రికి తగ్గుతుంది. ఈ విధంగా సాగిన లోహం మాత్రం తగ్గదు.

1976 నుండి 2003 వరకు ప్రయాణికులను మోసిన కాంకార్డ్ విమానం ఇందుకు చక్కని నిదర్శనం. ధ్వనికి రెట్టింపు వేగంతో పోయే ఆ విమానానికి గాలి రాపిడి వలన ముక్కు కొన 127 డిగ్రీల వరకు వేడెక్కేది. ఆ వేడికి దేహమంతా కొన్ని అంగుళాలు సాగి, దిగిన తరువాత యథాస్థితికి వచ్చేది. ఇనుము, నికెలు కూడ కలిపి, వేడిలో సాగిపోకుండ నిలిచే ప్రత్యేక అల్యూమినియం మిశ్రమలోహాన్ని దానికి వాడినారు. అయినను వేగానికి హద్దు గీసినారు. ఆ హద్దు గీసినది ఇంజను శక్తి కాదు, లోహపు ఓర్పు. అంతటి ప్రతిష్ఠాత్మకమైన విమానం విషయంలోనే రూపకర్తలు లోహానికి తల ఒగ్గినారు. పిట్ లైనులో ఇంకొక గంట తగ్గించండి, షెడ్డులో ఇంకొక రోజు తగ్గించండి అని హుకుం జారీ చేసే అధికారులు ఈ వినయాన్ని నేర్చుకొనవలసి ఉన్నది.

అంతకంటె ఎక్కువ వేడికి టైటానియం వాడతారు. దాని సాంద్రత 4.5, కరిగే ఉష్ణోగ్రత 1668 డిగ్రీలు. దాని ముడిపదార్థమైన ఇల్మెనైటు ఇసుక మన తీరంలోనే ఉన్నది. హౌరా–మద్రాసు మెయిన్ లైను మీది ఛత్రపూర్ ప్రాంతంలో, గంజాం తీరాన, ప్రభుత్వ రంగ సంస్థ ఆ ఇసుకను వేరుచేస్తున్నది. అయితే వేడెక్కిన టైటానియం గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని పెళుసుబారుతుంది. అందుచేత దానిని శూన్యంలో విద్యుత్ చాపంతో కరిగిస్తారు. అతికేటప్పుడు ముందు వైపే కాక వెనుక వైపు కూడ ఆర్గాన్ వాయువు కప్పి ఉంచుతారు.

ఇనుము కొలిమిలో ఎర్రబడుతుంది. కమ్మరికి ఆ రంగే కొలమానం. టైటానియం అతుకు వెండి రంగులో మెరిస్తే మంచిది. నీలం, బూడిద రంగులకు తిరిగితే గాలి సోకినదని తెలుపుతుంది. ఇనుము ముందుగా హెచ్చరిస్తుంది, టైటానియం తరువాత సాక్ష్యం చెబుతుంది. అల్యూమినియం ఈ రెండూ చేయదు. 660 డిగ్రీల వద్ద కరిగి జారిపోయేదాకా దాని రంగు కంటికి మారినట్లు కనపడదు. ముప్పై ఏండ్లు ఉక్కును అతికిన అనుభవజ్ఞుడైన వెల్డరు కన్ను కూడ ఇక్కడ మోసపోతుంది. అది అతని అసమర్థత కాదు. అతని విద్య వేరొక లోహానిది.

అతుకు దగ్గర

రైల్వే సోదరులకు ఇది ప్రాణప్రదమైన విషయం. ఉక్కు పెట్టెను మామూలు పద్ధతిలో సవ్యంగా అతికితే అతుకు దగ్గర బలం దాదాపుగా నిలుస్తుంది. కొలిమిలో పండించిన అల్యూమినియాన్ని అతికితే, కరిగిన చోటనే కాక దానికి ఇరుప్రక్కల కొంత మేర ఆ సూక్ష్మ రేణువులన్నీ చెదిరిపోతాయి. అక్కడ లోహం సాగకుండ నిలిచే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. కంటికి అతుకు నున్నగా, అందంగా కనిపిస్తూనే ఉంటుంది. రూపకర్తలు ఈ నష్టాన్ని ముందుగానే లెక్కలోనికి తీసుకొని అతుకులను తక్కువ భారం పడే చోట ఉంచుతారు, అక్కడ మందం పెంచుతారు. ఎక్కడ అతకవచ్చునో, ఎక్కడ అతకరాదో తెలియకుండ షెడ్డులో వేసిన ఒక చిన్న అతుకు ఆ లెక్కనంతా తారుమారు చేయగలదు.

1999 అక్టోబరు 5న లండనులోని లాడ్‌బ్రోక్ గ్రోవ్ వద్ద రెండు రైళ్లు ఢీకొని 31 మంది మరణించినారు. ప్రమాదానికి కారణం ఎర్ర సిగ్నలు దాటడమే గాని లోహం కాదు. అయితే ఢీకొన్నప్పుడు అల్యూమినియం పెట్టెల దేహం అతుకుల వెంబడి జిప్పు ఊడినట్లు విడిపోయిన సంగతి బయటపడినది. లార్డ్ కల్లెన్ విచారణ ఈ విషయాన్ని ప్రత్యేకంగా పరిశీలించినది. ఆ తరువాత ఐరోపాలో అతుకుల రూపకల్పన, పరీక్షా విధానాలపై పరిశోధనలు జరిగినవి. 1991లో కేంబ్రిడ్జి సమీపంలోని వెల్డింగు పరిశోధనా సంస్థ కనుగొన్న పద్ధతి ఇప్పుడు వ్యాప్తిలోనికి వచ్చినది. అందులో లోహాన్ని కరిగించరు. తిరిగే పనిముట్టు రాపిడితో మెత్తబరచి కలుపుతారు. వేడి తక్కువ, నష్టం కూడ తక్కువ. పరాయి దేశంలో 31 ప్రాణాలు పోయిన తరువాత లభించిన ఈ పాఠాన్ని మనం మరొక ప్రమాదం దాకా ఆగి నేర్చుకొనవలసిన పని లేదు.

కౌంటరు దగ్గర

తపాలా సోదరుల బాధ్యత కూడ తక్కువ కాదు. 2010 సెప్టెంబరు 3న దుబాయి వద్ద ఒక సరుకుల విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకుకు నిప్పంటుకొన్నది. ఆ వేడికి లోపలి ఆధారాలు చెడి, విమానాన్ని నడిపే తీగలు సడలిపోయినవి. పొగలో దారి కానక విమానం కూలి, ఇద్దరు వైమానికులు మరణించినారు. లిథియం మంట చేరే వేడికి అల్యూమినియం నిలువలేదని పైన చెప్పిన లెక్కలే తెలుపుతున్నవి. కనుక పార్సెలు కౌంటరులో కూర్చున్న గుమాస్తా ‘ఇందులో ఏమున్నది?’ అని అడిగే ప్రశ్న కేవలం నియమావళిలోని ఒక వాక్యం కాదు. విమానపు పలుచని మేనికి అదే మొదటి రక్షణ. క్యూ పొడవు పెరిగి, సిబ్బంది సంఖ్య తగ్గి, ఆ ప్రశ్న అడిగే తీరిక లేకుండ పోయిన చోట ఆ రక్షణ కూడ లేకుండ పోతుంది. ఖాళీ పోస్టులను భర్తీ చేయాలన్న మన కోరికను జీతభత్యాల తగాదాగా చూసేవారికి ఇది మన సమాధానం.

నైపుణ్యం ఎవరి సొత్తు?

యాజమాన్యం నుండి వచ్చే వాదన మనకు తెలియనిది కాదు. కొత్త పెట్టెలను తయారు చేసిన కంపెనీయే వాటిని చూసుకొంటుంది, రైల్వే కార్మికునికి ఈ తలనొప్పి దేనికి అంటారు. ఇది మాటవరుసకు అనేది కాదు. 200 వందే భారత్ రైళ్ల కోసం 2023లో ఖరారైన ఒప్పందాలలో తయారీతో పాటు 35 సంవత్సరాల నిర్వహణ కూడ కంపెనీలకే అప్పగించినారు. వాటిలో 80 రైళ్లు బి.హెచ్.ఇ.ఎల్., టిటాగఢ్ కూటమికి వచ్చినవి. అవి ఉక్కు రైళ్లే. 100 అల్యూమినియం రైళ్ల టెండరు 2024లో రద్దయినది. కాని రద్దయినది ఒక టెండరు మాత్రమే, దారి మారలేదు. అల్యూమినియం రైళ్లు వచ్చిన నాడు అదే పద్ధతి వర్తించదన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

ఈ వాదనలో కొంత న్యాయం ఉన్నది. తయారు చేసినవానికి తన వస్తువు బాగా తెలుసును. కాని 35 సంవత్సరాలు ఒక ఉద్యోగి పూర్తి సర్వీసు. అంతకాలం ఆ విద్యకు దూరంగా ఉంచిన కర్మాగారంలో, ఒప్పందం ముగిసిన నాడు ఆ పని తెలిసినవాడు ఒక్కడు కూడ మిగలడు. కంపెనీ తన పనిని కంట్రాక్టరుకు, ఆ కంట్రాక్టరు మరొకరికి ఇచ్చినప్పుడు, నెలకొకసారి మారే కూలివాని చేతికి టార్చి వస్తుంది. ఏ అతుకు ఎవరు, ఎంత వేడిలో వేసినారో చెప్పేవారుండరు. దుర్ఘటన జరిగిన నాడు మాత్రం విచారణ సంఘం ముందు నిలబడేది రైలు నడిపిన డ్రైవరు, జెండా చూపిన గార్డు.

లోహవిద్య మనుషుల వెంట నడుస్తుంది గాని ఒప్పంద పత్రాల వెంట నడవదు. ఇందుకు కలకత్తా చరిత్రయే సాక్షి. సియాల్దా మెయిన్ లైను మీది ఇచ్ఛాపూర్‌లో ఆయుధ కర్మాగారాల చెంత మొదలైన లోహ పరిశోధన 1963లో హైదరాబాదుకు తరలి, నేటి రక్షణ లోహ పరిశోధనాలయంగా ఎదిగినది. ఆ కృషికి కొనసాగింపుగా 1973లో మిశ్రధాతు నిగం అక్కడనే వెలసినది. విమానాలకు, రాకెట్లకు కావలసిన టైటానియం మిశ్రమలోహాలను అది తయారు చేస్తున్నది. ఆ పరిశోధనాలయం రూపొందించిన పద్ధతితోనే 2011లో కేరళలోని చవరలో ఏటా 500 టన్నుల సామర్థ్యం గల టైటానియం కర్మాగారం ప్రారంభమైనది. ఒక ఇసుకరేణువు విమాన భాగంగా మారడానికి దశాబ్దాల ప్రభుత్వ పెట్టుబడి, తరాల కార్మికుల అనుభవం కావలసి వచ్చినది. మరొక వంక, కలకత్తా కేంద్రంగా 41 ఆయుధ కర్మాగారాలను నడిపిన బోర్డును 2021 అక్టోబరు 1న రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టినారు. అంతకు ముందే, జూన్ 30న, సమ్మెను నిషేధిస్తూ ఆర్డినెన్సు తెచ్చినారు. ఇచ్ఛాపూర్ లోహ, ఉక్కు కర్మాగారం నాగపూరు కేంద్రంగా గల కంపెనీ కిందికి పోయినది. కట్టడానికి తరాలు పట్టినదానిని విడగొట్టడానికి ఒక ఉత్తర్వు చాలినది.

మనం కోరవలసినది

కనుక తేలిక లోహానికి మన ఫెడరేషన్ స్వాగతం పలకవలెను. దానితో పాటు కొన్ని కోరికలను స్పష్టంగా ముందుంచవలెను.

మొదటిది, అల్యూమినియం పెట్టె గాని వాగను గాని ఒక షెడ్డుకు రాకముందే అక్కడి శాశ్వత సిబ్బందికి ప్రత్యేక శిక్షణ ఇచ్చి, పరీక్షించి, అర్హతా పత్రం ఇవ్వాలి. లోహశాస్త్ర విభాగాలు గల జాదవ్‌పూర్, శిబ్‌పూర్, ఖరగ్‌పూర్ విద్యాలయాలు లిలువా, కాంచ్రాపాడా, ఖరగ్‌పూర్ కర్మాగారాలకు కూతవేటు దూరంలోనే ఉన్నవి. ఇందుకోసం పరదేశానికి పోవలసిన అవసరం లేదు.

రెండవది, ప్రతి అతుకుకూ రికార్డు ఉండాలి. ఎవరు వేసినారు, ఏ తీగతో, ఎంత వేడిలో, ఎవరు పరీక్షించినారు అన్న వివరాలు పెట్టె జీవితకాలమంతా భద్రపరచాలి. అగ్నిప్రమాదానికి లోనైన పెట్టెను పైకి రంగు వేసి లైనులోనికి పంపరాదు. కాఠిన్యం కొలిచి చూసిన తరువాతనే అనుమతించాలి.

మూడవది, అర్హత లేని పనిని, చాలని సమయంలో చేయుమన్నప్పుడు ‘ఇది నేను చేయను’ అని వ్రాసి ఇచ్చే హక్కు కార్మికునికి ఉండాలి. అందుకు అతనిపై క్రమశిక్షణా చర్య తీసుకొనరాదు.

నాలుగవది, కంపెనీలతో కుదిరే ప్రతి నిర్వహణ ఒప్పందంలోను రైల్వే సిబ్బంది మొదటి రోజు నుండి పనిలో పాలుపంచుకొనే నిబంధన ఉండాలి. ఐదవది, పార్సెలు కౌంటర్లలోను, ఆర్.ఎం.ఎస్. కార్యాలయాలలోను బ్యాటరీల వంటి ప్రమాదకర వస్తువులను గుర్తించే శిక్షణ, అందుకు చాలినంత సిబ్బంది ఉండాలి.

ఈ కోరికలలో ఒక్కటి కూడ జీతం పెంచుమన్నది కాదు. ప్రయాణికుని ప్రాణం, ప్రజల ఉత్తరం, ప్రభుత్వ ధనంతో కొన్న ఆస్తి, ఈ మూడింటి రక్షణ కోసమే ఇవి. ఇనుము ఎర్రబడి హెచ్చరించిన కాలంలో మనం పని నేర్చుకొన్నాము. హెచ్చరించని లోహం వస్తున్నది. దాని తరఫున హెచ్చరించవలసినవారు దానిని చేతపట్టే మనమే. ఆ మాటను ప్రమాదం జరిగిన తరువాత విచారణ సంఘం ముందు కాక, ఇప్పుడే, సంప్రదింపుల బల్ల వద్ద చెప్పవలెను.